గెలిచిన యుద్ధమే కొంప ముంచింది.. రఫాలో ఏనుగులు వెనక్కి పారిపోయినా ఈజిప్టు రాజు ఎలా గెలిచాడు? ఆ తర్వాత ఏం జరిగింది?

రఫా.. గాజాకు దక్షిణం కొసన, ఈజిప్టు సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. వార్తలు చూసేవాళ్లకు ఈ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఈ నేల యుద్ధం చూడటం ఇప్పుడే మొదలు కాదు. క్రీస్తు పూర్వం 217, జూన్ 22న ఈ ఊరి దగ్గర దాదాపు లక్షా నలభై వేల మంది సైనికులు ఎదురెదురుగా నిలబడ్డారు. వాళ్లతో పాటు 175 ఏనుగులు. అలెగ్జాండర్ వారసుల మధ్య జరిగిన అతి పెద్ద యుద్ధాల్లో ఇదొకటి.

ఆ రోజు ఈజిప్టు రాజు గెలిచాడు. పోయిన భూభాగం తిరిగి దక్కింది. పూజారులు విగ్రహాలు పెట్టించారు, పండగలు ప్రకటించారు. కానీ పుష్కరం తిరిగేసరికి అదే రాజు చేతిలోంచి దక్షిణ ఈజిప్టు మొత్తం జారిపోయింది. దానికి బీజం రఫాలో గెలుపు కోసం అతను తీసుకున్న నిర్ణయంలోనే ఉందంటారు పాతకాలపు చరిత్రకారులు. ఇంతకీ ఏమిటా నిర్ణయం? అసలేం జరిగింది?

ఒకే ఆస్తి.. ఇద్దరు వారసులు

కథ అలెగ్జాండర్‌తో మొదలవుతుంది. క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో అతను చనిపోయాడు. సామ్రాజ్యం చూస్తే గ్రీస్ నుంచి సింధు నది దాకా ఉంది. ఏలడానికి మాత్రం వయసొచ్చిన వారసుడు లేడు. దాంతో సేనానులే పంచుకున్నారు, కొట్టుకున్నారు. ఈజిప్టు టోలెమీ చేతికి వచ్చింది. సిరియా, ఇరాక్, ఇరాన్ ప్రాంతాలు సెల్యూకస్ చేతికి వచ్చాయి.

ఈ ఇద్దరి మధ్య నలిగిపోయింది ఇప్పటి లెబనాన్, పాలస్తీనా, ఇజ్రాయెల్, జోర్డాన్, దక్షిణ సిరియా ఉన్న నేల. అప్పట్లో దాన్ని కోయిలే సిరియా అనేవారు. ఓడరేవులు అక్కడే, ఓడలు కట్టే కలప అక్కడే, ఎడారి వర్తకుల దారులూ అటు నుంచే. క్రీ.పూ. 301లో ఇప్సస్ యుద్ధం తర్వాత ఆ ప్రాంతం సెల్యూకస్‌కు రావాలని పంపకంలో తేలింది. కానీ యుద్ధానికి రాని టోలెమీ, అప్పటికే సైన్యాన్ని దించి కూర్చున్నాడు. పాత స్నేహితుడు కదా అని సెల్యూకస్ అప్పటికి ఊరుకున్నాడు. హక్కు మాత్రం వదులుకోలేదు. ఇక అక్కడి నుంచి తాతల తగువు మనవలకు, మునిమనవలకు వచ్చింది. ఒకటి కాదు, రెండు కాదు.. రఫా నాటికి ఇది నాలుగో సిరియా యుద్ధం!

ఇక్కడ మన దేశానికీ ఒక లింకు ఉంది. ఇప్సస్‌లో సెల్యూకస్‌ను గెలిపించింది చంద్రగుప్త మౌర్యుడి దగ్గర తీసుకున్న ఏనుగులు. సింధుకు పడమరన ఉన్న భూభాగాలు వదులుకుని, బదులుగా 500 ఏనుగులు తీసుకున్నాడని గ్రీకు రచనలు చెబుతున్నాయి. రఫాలో తలపడిన ఇద్దరు రాజుల తాతలు ఇద్దరూ మన అశోకుడికి తెలుసు. ఆయన 13వ శిలాశాసనంలో కనిపించే అంతియోక, తురమాయ వాళ్లేనని పండితుల మాట. అశోకుడి ఆ 14 శాసనాల వరస చెక్కిన చోట్లలో కర్నూలు జిల్లా ఎర్రగుడి కూడా ఒకటి.

కుర్ర రాజు దూకుడు.. మంత్రి స్కెచ్

సీన్ కట్ చేస్తే క్రీ.పూ. 219. సెల్యూకస్ వంశంలో మూడో ఆంటియోకస్ రాజు. పాతికేళ్లు కూడా నిండలేదు, దూకుడెక్కువ. అటు ఈజిప్టులో నాలుగో టోలెమీ. ఇతని గురించి గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్‌కు ఏమాత్రం మంచి అభిప్రాయం లేదు. తాగుడు, విందులు తప్ప రాజ్యం పట్టదన్నట్టే రాశాడు. పెత్తనమంతా మంత్రి సోసిబియస్‌ది. కొత్త రాజుకు అడ్డొస్తారనుకున్న వాళ్లను, చివరికి రాజు కన్నతల్లిని కూడా తప్పించిన మనిషితను.

ఆంటియోకస్ పనిని ఇంకా సులువు చేసింది ఈజిప్టు దర్బారే. కోయిలే సిరియాకు టోలెమీ తరఫు గవర్నర్ థియోడోటస్. అంతకుముందు ఆంటియోకస్ దాడిని తిప్పికొట్టింది ఇతనే. మెచ్చుకోవాల్సింది పోయి అలెగ్జాండ్రియాకు పిలిపించారు. ప్రాణాలతో బయటపడటమే గగనమైంది. ఆ కోపం మనసులో పెట్టుకుని ఆంటియోకస్ వైపు దూకేశాడు. వెళ్తూ వెళ్తూ టైర్ రేవును, ఇప్పటి అక్రా ఉన్న చోటి టోలెమయిస్ రేవును, అందులో ఉన్న 40 ఓడలతో సహా అప్పగించాడు.

ఆ క్షణంలో ఆంటియోకస్ నేరుగా ఈజిప్టు మీదికి వచ్చి ఉంటే? ఆపే సైన్యం అక్కడ లేదు. ఈ సంగతి సోసిబియస్‌కు బాగా తెలుసు. అందుకే టైమ్ కొనే ఆట మొదలుపెట్టాడు. రాజు, మంత్రులు మెంఫిస్‌కు మకాం మార్చారు. రాయబారులు ఎవరొచ్చినా అక్కడే మర్యాదలు. అదే సమయంలో అలెగ్జాండ్రియాలో రాత్రింబవళ్లు సైన్యం తయారీ. వచ్చిన రాయబారుల కంట అది పడకుండా చూసుకున్నారు. ఆంటియోకస్ మాటలు నమ్మాడు. నాలుగు నెలల సంధికి ఒప్పుకుని చలికాలం గడపడానికి వెనక్కి వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు మళ్లీ వచ్చాడు, ఒక్కో ఊరూ పట్టుకుంటూ పోయాడు. ఇప్పటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ ఉన్న కొండకోట మాత్రం మొండికేసింది. ఎన్ని రోజులు కొట్టినా లొంగలేదు. చివరికి పట్టుబడ్డ ఖైదీ ఒకడు గుట్టు విప్పాడు. లోపలివాళ్లు నీళ్లకు దిగే సొరంగం ఫలానా చోట ఉందన్నాడు. దాన్ని రాళ్లతో, కట్టెలతో పూడ్చేశారు. దాహంతో కోట లొంగిపోయింది. అక్కడికి క్రీ.పూ. 218 గడిచిపోయింది. అలెగ్జాండ్రియాలో కొత్త సైన్యానికి దొరికిన విలువైన గడువు అదే.

20 వేల మంది చేతికి ఈటెలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. టోలెమీల ఈజిప్టులో పాలించేది గ్రీకులు, మాసిడోనియన్లు. పండించేది, పన్ను కట్టేది ఈజిప్షియన్లు. దర్బారు భాష గ్రీకు. ఈ వంశంలో ఆఖరి రాణి, అందరికీ తెలిసిన క్లియోపాత్రా వచ్చేదాకా ఈజిప్షియన్ భాష నేర్చుకున్న టోలెమీ ఒక్కరూ లేరని ప్లూటార్క్ రాశాడు. అంటే దాదాపు మూడు వందల ఏళ్లలో ఒక్కరంటే ఒక్కరు!

సైన్యంలోనూ ఇదే తీరు. గ్రీకు సైనికులకు పొలాలిచ్చి స్థిరపరిచేవారు, యుద్ధమొస్తే పిలిచేవారు. సరిపోకపోతే గ్రీస్ నుంచి కిరాయి సైనికులను తెచ్చుకునేవారు. ఈజిప్షియన్లు సైన్యంలో అసలు లేరని కాదు. సామాన్లు మోయడానికి, కాపలాకు, అక్కడక్కడా పోరుకూ వాడుకున్నారు. కానీ ఆ కాలపు యుద్ధంలో అసలు ఆయుధమైన ఫాలాంక్స్‌లోకి ఇంత పెద్ద ఎత్తున రానివ్వలేదు.

ఫాలాంక్స్ అంటే ఈటెల గోడ అనుకోవచ్చు. ఒక్కో సైనికుడి చేతిలో 18, 20 అడుగుల పొడవైన బల్లెం. దాన్ని రెండు చేతులతో పట్టుకోవాలి. వరస వెనక వరసగా సాధారణంగా 16 వరసలు. ముందున్న ఐదు వరసల బల్లేలు గోడ దాటి ముందుకు పొడుచుకొస్తాయి. ఎదురుగా వచ్చేవాడు ఒక్కడైతే అతని మీదికి పది మొనలు. అయితే ఇది ఒంటరి వీరుడి పని కాదు. అడుగు తప్పితే గోడ కూలుతుంది. నెలల తరబడి కలిసి కవాతు చేస్తే తప్ప రాదు.

సోసిబియస్ దగ్గర గ్రీకులు సరిపోరు. అందుకే ఎప్పుడూ చేయని పని చేశాడు. 20 వేల మంది ఈజిప్షియన్లను ఎంచి, మాసిడోనియన్ పద్ధతిలో ఆయుధాలిచ్చి, ఫాలాంక్స్‌గా నిలబెట్టాడు. వాళ్లకు సారథ్యం తనే తీసుకున్నాడు. తర్ఫీదు ఇవ్వడానికి గ్రీస్‌లో యుద్ధాలు చూసిన అనుభవజ్ఞులను రప్పించాడు. థెస్సలీ నుంచి ఎకెక్రటీస్, మెలిటియా నుంచి ఫాక్సిడాస్ లాంటివాళ్లు. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి, యుద్ధం మలుపు తిప్పేది వీళ్లే.

గుడారంలో హత్యాయత్నం

క్రీ.పూ. 217 వేసవి. టోలెమీ సైన్యం ఎడారి దాటి రఫాకు దగ్గర్లో దిగింది. పాలిబియస్ లెక్క ప్రకారం 70 వేల కాల్బలం, 5 వేల గుర్రపు దళం, 73 ఏనుగులు. ఆంటియోకస్ వైపు 62 వేల కాల్బలం, 6 వేల గుర్రాలు, 102 ఏనుగులు. పర్షియన్లు, మీడులు, అరబ్బులు, క్రీట్ విలుకాళ్లు.. ఆంటియోకస్ శిబిరంలో వినిపించని భాష లేదు. ఆంటియోకస్ తన మకాం జరుపుకుంటూ వచ్చి చివరికి శత్రువుకు కిలోమీటరు దూరంలో ఆగాడు. నీళ్లకు, గడ్డికి వెళ్లినవాళ్లు రోజూ కొట్టుకునేవారు.

అప్పుడే థియోడోటస్ సినిమా లెవెల్ సాహసం చేశాడు. పార్టీ మారిన ఆ పాత గవర్నరే. టోలెమీ అలవాట్లన్నీ అతనికి తెలుసు. తెల్లవారుజామున ఇద్దరిని వెంటబెట్టుకుని శత్రు శిబిరంలోకి నడిచి వెళ్లాడు. అన్ని రకాల దుస్తులు తిరిగే శిబిరం, ఎవరూ అనుమానించలేదు. నేరుగా రాజు దర్బారు నడిపే గుడారంలోకి దూరాడు. అక్కడ ఉన్న ఇద్దరిని పొడిచాడు. రాజవైద్యుడు ఆండ్రియాస్‌ను చంపేశాడు. కానీ రాజు అందులో లేడు. ఆయన పడుకునేది వేరే గుడారంలో. థియోడోటస్ వచ్చిన దారినే క్షేమంగా బయటపడ్డాడు. ఒక్క గుడారం తేడాతో చరిత్రలో రఫా యుద్ధం జరిగింది, లేకుంటే జరిగేదే కాదేమో.

ఐదు రోజులు ఇలాగే గడిచాయి. ఆ తర్వాత ఇద్దరూ బలగాలను మైదానంలోకి దించారు. టోలెమీ తన సేనకు ఎడమ కొసన, ఆంటియోకస్ తన సేనకు కుడి కొసన నిలబడ్డారు. అంటే ఇద్దరు రాజులూ ముఖాముఖి. టోలెమీ పక్కన చెల్లెలు అర్సినోయే కూడా ఉంది. ఆ వంశంలో అన్నాచెల్లెళ్ల పెళ్లి ఆచారమే, ఈజిప్టు రాణి కూడా ఆమే. రాజులు సైనికులకు ధైర్యం చెబుతూ వరసల వెంట తిరిగారు. కొన్ని చోట్ల సొంత మాటల్లో, మిగతా చోట్ల దుబాసీల ద్వారా!

వెనుదిరిగిన ఏనుగులు

మొదటి దెబ్బ ఏనుగులదే. టోలెమీ ఏనుగులు ఆఫ్రికావి, ఎర్రసముద్రం తీరం వెంబడి అడవుల్లో పట్టి ఓడల్లో తెచ్చినవి. ఆంటియోకస్‌వి ఇండియన్ ఏనుగులు. పోరాడిన కొన్ని మాత్రం భీకరంగా పోరాడాయి. పైన అంబారీల్లోంచి మనుషులు ఈటెలతో పొడుచుకుంటుంటే, కింద ఏనుగులు దంతాలు మెలేసుకుని ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. బలమైనది ఎదుటిదాని తొండాన్ని పక్కకు నెట్టగానే, పక్క తగిలిన చోట ఎద్దు కొమ్ముతో కుమ్మినట్టు దంతంతో చీల్చేసింది. పాలిబియస్ వర్ణన ఇది.

మిగతా ఆఫ్రికా ఏనుగులు మాత్రం దగ్గరికే రాలేదు. ఇండియన్ ఏనుగుల వాసన, ఘీంకారం తట్టుకోలేవని, పరిమాణంలోనూ వాటికంటే చిన్నవని పాలిబియస్ రాశాడు. ఇక్కడే పెద్ద డౌటు వస్తుంది. ఆఫ్రికా ఏనుగులే కదా పెద్దవి? అందుకే చాలాకాలం పండితులు ఒక సర్దుబాటు చెప్పుకున్నారు. టోలెమీవి ఆఫ్రికా అడవి ఏనుగులై ఉంటాయి, ఆ జాతి చిన్నది అని. కానీ 2014లో వెలువడిన డీఎన్ఏ పరిశోధన ఆ మాటకు గండి కొట్టింది. అప్పట్లో ఏనుగులు పట్టిన ప్రాంతమైన ఎరిత్రియాలో ఇప్పుడు మిగిలిన ఏనుగులు సవన్నా జాతివేనని, అడవి జాతితో వాటికి సంబంధం లేదని తేలింది. అలాంటప్పుడు పారిపోవడానికి కారణం సైజు కాకపోవచ్చు. 102కు 73.. సంఖ్యలోనే తేడా ఉంది. ఇండియాలో తరతరాలుగా వచ్చిన మావటి విద్య ఈజిప్టులో అప్పటికి కొన్ని దశాబ్దాల వయసున్నదే. వాసన కథ కంటే ఈ లెక్క నమ్మబుద్ధేస్తుంది.

కారణం ఏదైనా ఫలితం ఒక్కటే. వెనక్కి తిరిగిన ఏనుగులు టోలెమీ సొంత అంగరక్షక దళం మీదే పడ్డాయి. ఆ గందరగోళంలో ఆంటియోకస్ గుర్రపు దళంతో చుట్టి వచ్చి విరుచుకుపడ్డాడు. టోలెమీ ఎడమ వైపు కుప్పకూలింది. పారిపోతున్నవాళ్లను తరుముతూ ఆంటియోకస్ చాలా దూరం వెళ్లిపోయాడు. గెలిచేశానని అతని ధీమా.

దుమ్ము చెప్పిన నిజం

అక్కడే తప్పు చేశాడు. టోలెమీ కుడి వైపున ఉన్న ఎకెక్రటీస్ ముందు తొందరపడలేదు. ఎడమ వైపు నుంచి లేచిన దుమ్ము తమవాళ్ల మీదికి రావడం చూశాడు. తన ముందున్న ఏనుగులూ కదలడం లేదని గమనించాడు. ఏనుగులను నమ్ముకుంటే పని కాదని అర్థమైంది. ఫాక్సిడాస్‌కు కబురు పంపాడు.. గ్రీకు కిరాయి దళంతో ఎదురుగా ఉన్నవాళ్లను ఢీకొట్టమని. తాను గుర్రపు దళాన్ని తీసుకుని ఏనుగుల బారి నుంచి తప్పుకుంటూ చుట్టూ తిరిగి వచ్చాడు. ఆంటియోకస్ ఎడమ వైపు చెల్లాచెదురైంది.

ఇప్పుడు మైదానం మధ్యలో మిగిలింది రెండు ఈటెల గోడలే. పక్కలు రెండూ ఊడిపోయాయి. రెండు వైపులా ఎటు వెళ్లాలో తెలియని పరిస్థితి. సరిగ్గా అప్పుడు, పారిపోయాడనుకున్న టోలెమీ తన ఫాలాంక్స్ చాటు నుంచి ముందుకొచ్చి కనిపించాడు. విలాసపురుషుడు అని పాలిబియస్ తిట్టిపోసిన మనిషే. రాజును చూసి అతని వాళ్లకు ఊపొచ్చింది, ఎదుటివాళ్లకు గుండె జారింది. బల్లేలు ముందుకు వంచి గోడ కదిలింది. ఆ గోడలో సోసిబియస్ వెనక నడిచిన ఈజిప్షియన్లూ ఉన్నారు. అవతల ఆంటియోకస్ తరఫున ఉన్నది 20 వేల ఫాలాంక్స్, వెండి డాళ్ల దళం పేరుతో మరో 10 వేల మంది. రాజు లేడు. కాసేపు నిలబడి వెనుదిరిగారు.

దూరంగా తరుముడులో ఉన్న ఆంటియోకస్‌కు ఇదేదీ తెలియదు. అతని పక్కనున్న పెద్దమనిషి ఒకరు చూపించాడు.. మైదానం మధ్య నుంచి లేచిన దుమ్ము తమ శిబిరం వైపే పోతోందని. పరుగున వచ్చాడు. అప్పటికే అంతా అయిపోయింది. రఫాలో తలదాచుకుని, అక్కడి నుంచి గాజాకు వెళ్లిపోయాడు. తన వైపు గెలుపే, మిగతావాళ్ల పిరికితనం వల్లే ఓటమి అని అనుకున్నాడట.

లెక్క చూస్తే ఆంటియోకస్ వైపు దాదాపు 10 వేల మంది కాల్బలం చనిపోయారు, 4 వేల మందికి పైగా ఖైదీలయ్యారు. టోలెమీ వైపు 1,500 కాల్బలం, 700 గుర్రపు దళం పోయాయి. ఏనుగుల విషయంలో మాత్రం గెలిచినవాడే ఓడాడు. 16 చచ్చాయి, మిగతావాటిలో ఎక్కువ పట్టుబడ్డాయి. ఇంకో సంగతి.. సరిగ్గా అవే రోజుల్లో ఇటలీలో ట్రసిమీన్ సరస్సు దగ్గర హానిబాల్ రోమన్ సైన్యాన్ని తుడిచిపెట్టాడు.

రాయి మీద ఫారో.. పొలంలో తిరుగుబాటు

సంధి త్వరగానే కుదిరింది. టోలెమీ కోయిలే సిరియా తిరిగి తీసుకున్నాడు, అంతకంటే ముందుకు వెళ్లలేదు. ఆ ఏడాది నవంబరులో ఈజిప్టు పూజారులు మెంఫిస్‌లో సమావేశమై ఒక తీర్మానం చేశారు. దాన్ని చిత్రలిపిలో, ప్రజల డెమోటిక్ లిపిలో, గ్రీకులో మూడు విధాలుగా రాళ్ల మీద చెక్కించారు. ఒక ప్రతి పైన బొమ్మ ఉంది. టోలెమీ గుర్రమెక్కి బల్లెం పట్టుకున్నాడు, మాసిడోనియన్ రాజులాగే. తల మీద మాత్రం ఫారో కిరీటం. ఈజిప్టు ఆలయ కళలో రాజు గుర్రం మీద కనిపించడం విడ్డూరమే. 20 వేల మంది ఈజిప్షియన్ల తోడుతో గెలిచిన గ్రీకు రాజు, తాను ఈజిప్షియన్లకూ రాజునని చెప్పుకోవాల్సి వచ్చింది.

కానీ బొమ్మతో పని కాలేదు. ఆయుధం పట్టించి పంపిన నిర్ణయం ఆ క్షణానికి సరైందే, తర్వాతి రోజులకు మాత్రం పెద్ద తప్పు అని పాలిబియస్ తేల్చేశాడు. రఫా గెలుపుతో ఈజిప్షియన్లలో ధీమా పెరిగిందని, ఇక ఆజ్ఞలు వినే స్థితిలో లేకుండా తమలోంచే ఒక నాయకుడి కోసం చూశారని అతని విశ్లేషణ. ఇప్పటి చరిత్రకారులు ఇంకొంచెం జాగ్రత్తగా మాట్లాడతారు. యుద్ధ ఖర్చు, పెరిగిన పన్నులు, వెండి కొరత.. ఇవి లేకుండా రైతు ఊరికే తిరగబడడు అంటారు. నిజమే. పాలిబియస్ గ్రీకు పెద్ద కుటుంబపు మనిషి, కింది వాళ్ల చేతికి ఆయుధమిస్తే ముప్పే అనిపించడం అతనికి సహజం. కాకపోతే పన్ను భారం ఇదివరకూ ఉన్నదే. దాన్ని ఎదిరించడానికి ఫాలాంక్స్‌ను ఢీకొట్టడం ఎలాగో తెలిసినవాళ్లు మాత్రం క్రీ.పూ. 217కు ముందు ఇంతమంది లేరు.

క్రీ.పూ. 205 ప్రాంతంలో దక్షిణాన, ఇప్పటి లక్సర్ ఉన్న థీబ్స్‌లో హోర్వెన్నెఫర్ అనే ఈజిప్షియన్‌ను ఫారోగా నిలబెట్టారు. అతని తర్వాత అంఖ్‌వెన్నెఫర్. థీబ్స్‌లో ఒప్పంద పత్రాలు కూడా టోలెమీ పాలన సంవత్సరంతో కాకుండా వీళ్ల పాలన సంవత్సరంతో రాసుకున్నారు. ఇలా రెండు దశాబ్దాలు. ఈలోగా క్రీ.పూ. 204లో నాలుగో టోలెమీ చనిపోయాడు, అర్సినోయే హత్యకు గురైంది, ఐదారేళ్ల పిల్లవాడు సింహాసనం ఎక్కాడు. ఆంటియోకస్ ఇదే అదను అనుకున్నాడు. అప్పటికి అతను తూర్పు దండయాత్ర ముగించి, ఒక భారత రాజు దగ్గర మళ్లీ ఏనుగులు తీసుకుని వచ్చి ఉన్నాడు. క్రీ.పూ. 200లో పానియం దగ్గర గెలిచాడు. రఫాలో పోగొట్టుకున్న కోయిలే సిరియా మొత్తం ఈసారి పట్టాడు, టోలెమీలు దాన్ని మళ్లీ నిలుపుకోలేకపోయారు.

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న రొసెట్టా రాయి ఈ గొడవల మధ్య పుట్టిందే. క్రీ.పూ. 196 నాటి ఆ తీర్మానంలో కుర్ర రాజు పన్నులు తగ్గించాడని, ఆలయాలకు మేలు చేశాడని, డెల్టాలోని లైకోపోలిస్‌లో తిరుగుబాటుదారులను శిక్షించాడని ఉంది. దక్షిణాది తిరుగుబాటు మాత్రం అప్పటికీ ఆగలేదు. క్రీ.పూ. 186లో అంఖ్‌వెన్నెఫర్ పట్టుబడ్డాక గానీ తెరపడలేదు. ఆ వెంటనే రాజు క్షమాభిక్ష ప్రకటించాడు.. పారిపోయినవాళ్లంతా ఊళ్లకు తిరిగి వచ్చి పొలాలు దున్నుకోవాలని. క్రీ.పూ. 237లో మొదలై, గొడవల్లో మధ్యలోనే ఆగిపోయిన ఎడ్ఫు ఆలయం పని మళ్లీ మొదలైంది ఆ తర్వాతే.